పాత టైరు ఎక్కడికి పోతుంది?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం పెద్దలు ఫోన్ చేసి, "నీ వ్యాపారం గురించి పది నిమిషాలు చెప్పు" అన్నారు. డాక్టర్లు, ఇంజనీర్లు, లాయర్లు మాట్లాడిన ఈ మైకు ముందు పాత టైర్లు మోసేవాడు ఏం చెప్పాలి? అదే అడిగాను. "అదే చెప్పు, మాకు తెలియనిది అదే కదా" అన్నారు. కాబట్టి చెబుతున్నాను.

మన ప్రాంతాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. మేడ్చల్ మీదుగా నాగపూర్ వైపు పోయే 44వ నంబరు జాతీయ రహదారి, శామీర్‌పేట మీదుగా కరీంనగర్ పోయే రాజీవ్ రహదారి, ఈ రెంటినీ కలుపుతూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు. మనం చదువుకున్న రోజుల్లో ఇది రంగారెడ్డి జిల్లా. 2016 అక్టోబరు 11 నుంచి మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా. అప్పటి జొన్న చేలల్లో ఇప్పుడు గోదాములు. గోదాములున్నచోట లారీలు, లారీలున్నచోట పంక్చర్ షాపులు, ప్రతి పంక్చర్ షాపు వెనకా పాత టైర్ల గుట్ట. ఆ గుట్టే నా వ్యాపారం.

నేను ఒక గోదాములో డీసీఎం నడిపేవాణ్ని. 2020 లాక్‌డౌన్‌లో ఆ పని పోయింది. టైరు మార్పించుకున్న ప్రతిసారీ పాతదాన్ని షాపు వెనక పడేసి రావడం డ్రైవరుగా ఎన్నేళ్లనుంచో చూస్తున్నాను. అక్కణ్నుంచి అది ఎటు పోతుందో ఎవరూ అడగరు. 2021లో ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించి, ముద్రా పథకంలో 'కిశోర్' కింద, అంటే 50 వేల నుంచి 5 లక్షల దాకా ఇచ్చే తరగతిలో, లోను తీసుకున్నాను. చాలని డబ్బుకు మా ఆవిడ గాజులు తోడయ్యాయి. సెకండ్ హ్యాండ్ ట్రాలీ ఆటో ఒకటి, నేను, ఒక హమాలీ. అంతే కంపెనీ.

మొదటి వారంలోనే మన లెక్కల సారు గుర్తొచ్చారు. టైర్ల రవాణాలో మనం మోసేది సగం గాలి. కారు టైరు బరువు ఏడెనిమిది కిలోలే, కానీ అడ్డం రెండడుగులు. 17 అడుగుల డీసీఎంలో కారు టైర్లు మామూలుగా పేర్చితే 280 దగ్గర బండి నిండిపోతుంది. బరువు చూస్తే రెండుంబావు టన్నులు. బండి నాలుగు టన్నులు మోయగలదు. డీజిలు ఖర్చు మాత్రం పూర్తిగా పెట్టాలి, కాంటా మీద డబ్బు బరువుకే వస్తుంది. అంటే ఈ వ్యాపారంలో లాభం ధరలో లేదు, పేర్చడంలో ఉంది. లారీ టైరు యాభై కిలోల దాకా తూగుతుంది, దాని నడుమ ఖాళీలో ఆటో టైర్లు, స్కూటరు టైర్లు పడతాయి. బైకు టైర్లు మెలితిప్పి దూర్చొచ్చు. కారు టైర్లను నిలబెట్టకుండా చేప పొలుసుల్లాగా ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి పరచాలి. సిలిండరు ఘనపరిమాణం లెక్క పరీక్షకే పనికొస్తుందనుకునే పిల్లలుంటే మా బండి దగ్గరికి పంపండి సార్.

తర్వాతిది ఏరడం. అన్ని టైర్లూ ఒకటి కావు. ఒళ్లు గట్టిగా ఉండి పైపొర మాత్రమే అరిగిన లారీ టైరు రీట్రేడింగ్‌కు పోతుంది, ఇంకో జన్మ ఎత్తుతుంది. ఇనుప తీగల అల్లిక లేని నైలాన్ టైరును రీక్లెయిమ్ రబ్బరు చేసేవాళ్లు ఇష్టంగా కొంటారు. రేడియల్ టైరులో ఉక్కు ఎక్కువ, దాన్ని కోసి తీగ తీయాలి. మిగిలింది పొడి అవుతుంది. ఆ రబ్బరు పొడిని తారులో కలిపి రోడ్లు వేస్తారు. అంటే రోడ్డు మీద అరిగిన టైరు మళ్లీ రోడ్డే అవుతుందన్నమాట. చెప్పులు కుట్టేవాళ్లు, బావి బొక్కెనలు చేసేవాళ్లు కూడా నా దగ్గర కొంటారు. మన తాతలకు ఈ రీసైక్లింగ్ పేరు తెలియకపోయినా పని తెలుసు.

ఒక పంక్చర్ షాపాయనది కేరళ. "రబ్బరు పాలు తీసేది మా ఊళ్లోనే, టైరుకు అతుకు వేసేదీ మేమే, చివరికి ఎత్తుకుపోవడానికి మాత్రం నువ్వొస్తావు" అని నవ్వుతాడు.

మరి టైరు దానంతటది ఎందుకు మట్టిలో కలవదు? మన సైన్స్ టీచర్ చెప్పిన వల్కనైజేషన్ గుర్తుందా? 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరుకు గంధకం కలిపి వేడి చేశాడు. గంధకం రబ్బరు అణువుల గొలుసులను ఒకదానికొకటి ముడివేస్తుంది. ఆ ముడి వల్లే టైరు ఎండకు కరగదు, అదే ముడి వల్ల కుళ్లదు కూడా. కాబట్టి పడేసిన టైరుకు మిగిలేవి మూడే దారులు: దోమ, మంట, ఫ్యాక్టరీ.

దోమ సంగతి ముందు. డెంగీ మోసే ఏడిస్ దోమ టైరు లోపలి అంచున, నీటి గీత మీద గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు నీళ్లు లేకుండా నెలల తరబడి బతుకుతాయి, తొలకరి చినుకు పడగానే పొదుగుతాయి. 1985లో అమెరికాలోని టెక్సాస్‌లో బయటపడ్డ ఆసియా పులి దోమలు పాత టైర్ల దిగుమతితోనే వెళ్లాయంటారు. అంత దూరం పోనక్కర్లేదు, మన మిద్దెల మీద చూడండి. ఆరోగ్య శాఖ వాళ్లు శుక్రవారం డ్రై డే అని చెబుతుంటే కుండలు, కూలర్లు ఒంపుతాం, టైరును మరిచిపోతాం. దాన్ని ఒంపినా నీళ్లు పూర్తిగా పోవు, దాని ఆకారమే అంత. అందుకే నేను వానాకాలంలో చిన్న షాపులకు వారానికోసారి తప్పనిసరిగా పోతాను, పది టైర్లున్నా సరే.

ఇక మంట. 1990 ఫిబ్రవరిలో కెనడాలోని హేగర్స్‌విల్‌లో కోటికి పైగా టైర్లున్న యార్డు అంటుకుంటే 17 రోజులు కాలింది. మన దగ్గర, 2022 మార్చి 23న తెల్లవారుజామున బోయిగూడ స్క్రాప్ గోదాములో మంటలు లేచి, పైన నిద్రపోతున్న 11 మంది బీహార్ కూలీలు చనిపోయారు. ఆ పొద్దున నా దగ్గర పనిచేసే ఇద్దరూ బీహార్ వాళ్లే. ఫోన్‌లో వార్త చూసి ఒకతను చాలాసేపు మాట్లాడలేదు. నా యార్డులో ఆ రోజుకీ ఈ రోజుకీ ఒకే నియమం: టైర్లున్నచోట మనిషి పడుకోడు. వాళ్లకు రోడ్డవతల గది అద్దెకు తీసుకున్నాను. గుట్టల మధ్య బండి తిరిగేంత దారి, ఇసుక, నీళ్ల డ్రమ్ములు. జాగా తక్కువైందని ఆ దారి పూడ్చను.

మూడోది ఫ్యాక్టరీ. ఇక్కడే అసలు పరీక్ష. టైరును కాల్చకుండా, గాలి తగలని పాత్రలో వేడి చేసి నూనె, కార్బన్ పొడి, ఉక్కు తీసే పద్ధతిని పైరోలిసిస్ అంటారు. సరిగ్గా చేస్తే అది పరిశ్రమ, చేయకపోతే ఊరి మీద పొగ. 19 రాష్ట్రాల్లో ఇలాంటి యూనిట్లు 637 ఉంటే 270 నిబంధనలు పాటించడం లేదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2019లో తేల్చింది. 2022 జులై 21న కొత్త నియమాలొచ్చాయి. టైర్లు తయారుచేసే, దిగుమతి చేసే కంపెనీలే పాత టైర్ల రీసైక్లింగ్ బాధ్యత మోయాలి. మొదటి ఏడాది 35 శాతం, తర్వాత 70, ఆ తర్వాత 100. రిజిస్టరైన రీసైక్లర్ ఇచ్చే సర్టిఫికెట్లు కొని వాళ్లు లెక్క చూపాలి. ఆ సర్టిఫికెట్ మోసేవాడికి రాదు. కానీ బిల్లున్న సరుకుకు గిరాకీ పెరిగింది. అందుకే జీఎస్టీ నంబరు, 50 వేలు దాటిన లోడుకు ఈ-వే బిల్లు నా బండిలో ఎప్పుడూ ఉంటాయి.

అయినా బిల్లు అడగనివాళ్లు ఇంకా ఉన్నారు. లోను కిస్తీ కట్టాల్సిన వారంలో ఒక ఇటుక బట్టీ మనిషి వచ్చాడు. రీసైక్లర్ కంటే కిలోకు రెండు రూపాయలు ఎక్కువిస్తానన్నాడు. నాలుగు టన్నుల లోడు మీద ఎనిమిది వేలు. నా కిస్తీ దాదాపు అంతే. బట్టీలో ఆ టైర్లు ఏమవుతాయో నాకు తెలుసు, దాని పక్కన గుడిసెల్లో పిల్లలున్నారనీ తెలుసు. వద్దన్నాను. ఆ నెల కిస్తీ మా బావమరిది దగ్గర చేబదులు తీసుకుని కట్టాను. ఎనిమిది వేలకు ఆశ పడలేదని చెప్పను, పడ్డాను. కానీ నేను అమ్మేది రబ్బరు కాదు, "ఈ టైరు పొగ కాదు" అనే మాట. ఆ మాట ఒక్కసారి పోతే నాకూ మిగతావాళ్లకూ తేడా ఏముంటుంది? ఆ బట్టీ మనిషి ఇంకెవరి దగ్గరో కొని ఉంటాడు. అది నా చేతిలో లేదు.

ఇప్పుడు ఒక డీసీఎం, ఒక ట్రాలీ, ఐదుగురు మనుషులం. పెళ్లిచూపుల్లో చెప్పుకునే ఉద్యోగం కాదని మా వాళ్లు ఇప్పటికీ అంటారు. కిస్తీలు మాత్రం తప్పడం లేదు.

చివరగా ఇక్కడున్నవాళ్లను మూడు అడుగుతాను. బస్సులు, అంబులెన్సులు, ఫ్యాక్టరీ బండ్లు చూసుకునేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. పాత టైర్లు నాకే ఇవ్వమని అడగను. ఎవరికిచ్చినా, "ఎక్కడికి పోతుంది? బిల్లు చూపించు" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకు బట్టీ దారి సగం మూసుకుపోతుంది. రెండోది, భోగి మంటలో, కామదహనంలో టైరు వేయనీయకండి. పిడకలకు, కట్టెలకు దండం పెట్టొచ్చు, టైరు పొగకు పెట్టలేం. మూడోది మన బడి గురించే. ఆవరణలో పూల కుండీలుగా, ఆటలకుగా పెట్టిన టైర్లున్నాయి. చాలా అందంగా ఉన్నాయి. సభ అయ్యాక డ్రిల్లింగ్ మిషను తెచ్చి వాటికి అడుగున రంధ్రాలు పెట్టిస్తాను, వాననీళ్లు నిలవకుండా. హెడ్మాస్టరు గారు అనుమతిస్తే చాలు, ఖర్చు నాది.