ఇంటి దగ్గర షాక్ అబ్జార్బర్లు మార్చుకోవడం
(అడాజన్‌లో మన కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ఏదైనా పనికొచ్చే విషయం చెప్పమని కార్యవర్గం వారు అడిగారు. నాకు తెలిసింది ఒక్కటే, బండి. 24 ఏళ్లు ఈ.ఎం.ఇ.లో వెహికల్ మెకానిక్‌గా చేశాను. సికింద్రాబాద్ సెంటర్లో పాఠం మొదలుపెట్టి, ఎల్.ఎ.డి.లలో, వర్క్‌షాపుల్లో శక్తిమాన్ల కింద, జోంగాల కింద, జిప్సీల కింద పడుకుని లేచినవాణ్ణి. 2004లో రిటైరై సూరత్ వచ్చాను. కనుక షాక్ అబ్జార్బర్ల గురించి చెబుతాను. చివర్లో ఒక తప్పు కూడా ఒప్పుకోవాల్సి ఉంది.

మన వాళ్లలో చాలామందికి పాత జిప్సీ అంటే మోజు. కంపెనీ 2019లో దాన్ని ఆపేసినా, రోడ్ల మీద ఇంకా కనబడుతూనే ఉంది. నా దగ్గరున్నదీ అదే, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ముందు, వెనక కూడా కమాను పట్టీలే. షాక్ అబ్జార్బరు విడిగా, పక్కన ఉంటుంది. కనుక కాస్త చెయ్యి తిరిగినవాడు ఇంటి దగ్గర మార్చుకోవచ్చు. కానీ ఈ రోజుల్లో వచ్చే చాలా బండ్లకు ముందు వైపు చుట్ట స్ప్రింగూ షాకూ కలిసి ఒకే సెట్టుగా ఉంటాయి. దాన్ని స్ట్రట్ అంటారు. ఆ స్ప్రింగు నొక్కి పెట్టి ఉంటుంది. సరైన పనిముట్టు లేకుండా పై నట్టు విప్పారో, అది తూటాలాగే వస్తుంది. ఆ బండి ఉన్నవాళ్లు దయచేసి వర్క్‌షాపుకు వెళ్లండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

అసలు షాక్ అబ్జార్బరు చేసే పని ఏమిటి? బరువు మోసేది స్ప్రింగు, షాకు కాదు. గోతిలో పడ్డ స్ప్రింగు ఒకసారి కిందికి పోయి, మళ్లీ మళ్లీ ఊగుతుంది. ఆ ఊపుని ఆపేది షాకు. లోపల నూనె, ఒక పిస్టన్, దానికి సన్నటి రంధ్రాలు, వాల్వులు ఉంటాయి. ఆ దారుల గుండా నూనె బలవంతంగా వెళ్లేటప్పుడు ఊపు వేడిగా మారిపోతుంది. అందుకే గతుకుల రోడ్డు మీద తిరిగొచ్చాక నాలుగు షాకుల్నీ చేత్తో తాకి చూడండి. మూడు వెచ్చగా ఉండి ఒకటి చల్లగా ఉంటే, ఆ చల్లగా ఉన్నదే పని చెయ్యడం లేదు. తాకేటప్పుడు సైలెన్సరు గొట్టం జాగ్రత్త.

బానెట్ నొక్కి వదిలి, ఎన్నిసార్లు ఊగిందో లెక్క పెట్టడం అందరికీ తెలిసిన పరీక్ష. బిరుసు కమాన్లున్న బండికి దాన్ని పూర్తిగా నమ్మవద్దు. ఒంటి మీద నూనె చారలు కారి దుమ్ము పట్టి ఉందా, టైరు అక్కడక్కడ గుంటలు పడినట్టు అరిగిందా, బ్రేకు వేస్తే ముక్కు బాగా కిందికి వంగుతోందా, ఇవి చూడండి. షాకు పోతే నడుము నొప్పి మాత్రమే అనుకోకండి. చక్రం నేలను వదిలి ఎగిరే బండికి బ్రేకు కూడా ఆలస్యంగానే పడుతుంది.

ఇక పని. ఒక యాక్సిల్ మీద రెండూ కలిపే మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది పెడితే బండి ఒక పక్క ఒక రకంగా నడుస్తుంది. ముందు రోజు సాయంత్రమే బోల్టులను వైరు బ్రష్‌తో గీకి, తుప్పు వదిలించే నూనె పొయ్యండి. సూరత్‌లో ఈ మాట ఇంకా ముఖ్యం. సముద్రపు గాలి ఒకటి, 2006 ఆగస్టులో తాపీ వరద ఒకటి. ఆ వరదలో ఈ అడాజన్‌లోనే ఎన్ని బండ్లు మునిగాయో మీరు చూశారు. నీళ్లలో నానిన బోల్టు తొందరపడితే విరుగుతుంది.

బండి గట్టి, చదునైన నేల మీద ఉండాలి. చాలా బండ్లకు హ్యాండ్ బ్రేకు వెనక చక్రాలకే పడుతుంది. వెనక ఎత్తాక అది ఉన్నా లేనట్టే. కనుక నేల మీద ఉండే చక్రాలకు ముందూ వెనకా చెక్క దిమ్మలు పెట్టండి. జాకీతో ఎత్తి, ఛాసిస్ కింద రెండు వైపులా ఇనుప స్టాండులు పెట్టి, బరువు వాటి మీదికి దించండి. ఓసారి గట్టిగా ఊపి చూడండి. ఊగితే మళ్లీ మొదటి నుంచి చెయ్యండి. ఆ తర్వాత జాకీ యాక్సిల్ కింద ఉంచండి. షాకు విప్పగానే యాక్సిల్ మరీ కిందికి వేలాడి బ్రేకు గొట్టాన్ని లాగకుండా ఇది ఆపుతుంది. కొత్తది ఎక్కించేటప్పుడు రంధ్రాలు కలవడానికీ దాన్నే కాస్త పైకీ కిందికీ ఆడించుకోవచ్చు.

కొత్త షాకుని నిలువుగా పట్టుకుని నాలుగైదు సార్లు పూర్తిగా లాగి నొక్కండి. పెట్టెలో పడుకుని ఉన్నప్పుడు లోపల చేరిన గాలి పోతుంది. గ్యాసు రకం అయితే పట్టీ కట్టి వస్తుంది. దాన్ని స్థానంలో పెట్టేదాకా కోయకండి. మెరిసే కడ్డీని ప్లయర్‌తో పట్టుకోవద్దు. ఒక్క గీత పడినా సీలు పోతుంది, నూనె కారుతుంది. పాతదాన్ని కాల్చడం, తొలచడం వద్దు. అందులో నూనె ఉంటుంది, ఒత్తిడీ ఉండొచ్చు.

చాలామంది చేసే పొరపాటు ఒకటి చెబుతాను. కంటి రంధ్రంలో రబ్బరు బుష్ ఉండే బోల్టులను చక్రం గాలిలో ఉండగా పూర్తిగా బిగించకండి. అలా బిగిస్తే బండి దించగానే రబ్బరు మెలిపడి, కొద్ది నెలల్లో చిరుగుతుంది. చేతి బిగువు వరకు పెట్టి, చక్రం ఎక్కించి, బండి నేల మీదికి దించి, బరువు పడ్డాక మాన్యువల్ చెప్పినంత బిగించండి. ఓ వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూసుకోండి.

ఇప్పుడు తప్పు సంగతి. 2009 మే నెల, ఆదివారం పొద్దున. మా ఇంటి ముందే జిప్సీ ముందు షాకులు మారుస్తున్నాను. నా దగ్గర స్టాండులు లేవు. కొందామంటే "రెండు గంటల పనికి ఎందుకులే" అనిపించింది. జాకీతో ఎత్తి, ఛాసిస్ కింద నాలుగు ఇటికలు పేర్చాను. చక్రం తీసి, నట్లన్నీ స్టీలు గిన్నెలో వేసి, కిందికి దూరాను. మా ఆవిడ టీ తెచ్చి, చల్లారిపోతుంది రమ్మంది. "ఒక్క నిమిషం" అన్నాను. రెండోసారి కేక వేసింది. విసుక్కుంటూ బయటికి వచ్చాను. గ్లాసు అందుకున్నానో లేదో, ఫట్‌మని చప్పుడు. జాకీ ఒరిగింది, ఇటికలు పిండి అయ్యాయి, బండి కూర్చుంది. ఆ గిన్నె అప్పడంలా అయింది. అది నా తల పక్కన పెట్టుకున్న గిన్నె.

మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒకటే అడిగింది: "సర్కారు బండ్లకి స్టాండులు పెట్టారు. మన బండికి ఇటికలు పెట్టారా?"

దానికి నా దగ్గర జవాబు లేదు. రిక్రూటుగా ఉన్నప్పుడు మా ఉస్తాద్ మొదటి రోజే చెప్పాడు, జాకీ ఎత్తడానికే, నిలబెట్టడానికి కాదని. ఆ మాట నేనే ఎంతమంది కుర్రాళ్లకు చెప్పానో! స్టాండు లేకుండా దూరిన వాణ్ణి వర్క్‌షాపులో కాళ్లు పట్టి బయటికి లాగినవాణ్ణి నేను. యూనిఫారంతో పాటు ఆ నియమాన్ని కూడా పెట్టెలో పెట్టేశాను. అక్కడ తనిఖీ చేసే అధికారి ఉన్నాడు కనుక పాటించాను, ఇక్కడ లేడు కనుక మానేశాను. అంటే 24 ఏళ్లూ నేను భయపడింది బండికి కాదు, అధికారికి అన్నమాట.

ఇన్నేళ్లూ అడిగినవాళ్లకు "జాకీ పాడైంది" అనే చెప్పాను. జాకీ బాగానే ఉంది. పోయిన వర్షాకాలం సెలవు మీద వచ్చిన మన తమ్ముడొకడు ఒట్టి జాకీ మీద బండి పెట్టి కింద పడుకుని ఉండగా చూశాను. "నువ్వూ ఇలాగే చేస్తావు కదా అంకుల్" అన్నాడు. ఆ మాటతో ఇక దాచడం పాపం అనిపించింది. అందుకే ఈ రోజు అందరి ముందూ చెబుతున్నాను.

ఆ సొట్ట గిన్నె మా ఇంట్లో ఇంకా ఉంది. స్టాండులు కూడా ఉన్నాయి. ఎవరికి కావాలన్నా వచ్చి తీసుకెళ్లండి, అద్దె లేదు. ఒంటరిగా చెయ్యకండి, పక్కన ఒక మనిషి ఉండాలి. ఇంట్లోవాళ్లు టీకి పిలిస్తే మొదటి పిలుపుకే లేవండి.

జై హింద్.