ఎడారిలో కుటీరాలు, మన గరువులకు లీజు బేరాలు

(చీపురుపల్లి మండల రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎరువుల సంగతి, ధాన్యం కొనుగోళ్ళ సంగతి ముందు మాట్లాడినవాళ్ళు చెప్పారు. నాకు అప్పజెప్పింది వేరే సంగతి. భోగాపురం విమానాశ్రయం పనులు మొదలైన దగ్గర్నుంచి మన మెట్ట భూములకు, జీడితోటలకు కొత్త బేరం ఒకటి వచ్చింది. కార్లలో వస్తున్నారు, గరువులూ కొండవారలూ తిరిగి చూసి పోతున్నారు. అమ్మమని అడగడం లేదు. "ముప్పయ్యేళ్ళకు లీజుకు రాసివ్వండి చాలు. కరెంటు లైను లేకపోయినా పర్వాలేదు, ఊరికి దూరమైతే ఇంకా మంచిది. గుడారాలు వేస్తాం, కుటీరాలు కడతాం. ఎడారిలో కూడా ఇలాంటివి పెట్టి లక్షలు గడిస్తున్నారు, మీ గరువుకేం తక్కువ?" ఇదీ వాళ్ళ వరస. మధ్యలో మన ఊరి దళారీ ఒకడు ఉండనే ఉంటాడు. "ఏటి బావూ, ఆ గరువులో ఏటి పండుతాది, ఇచ్చెయ్యరాదా" అంటాడు.

ఎడారి మాట వాళ్ళే ఎత్తారు కాబట్టి, ఎడారిలో ఇలాంటివి ఎలా నడుస్తున్నాయో ముందు చూద్దాం.

గుజరాత్ అంటే మనకు తెలిసింది వేరావల్. మన జిల్లాల తీరం ఊళ్ళ నుంచి ఏటా అక్కడి బోట్ల మీద పనికి పోతారు. అదే రాష్ట్రంలో కచ్ జిల్లా ఉంది. భుజ్ పట్నానికి ఉత్తరాన బన్ని అనే పెద్ద గడ్డి మైదానం, దాని అవతల ఉప్పు ఎడారి, ఆ పైన పాకిస్తాన్ సరిహద్దు. బన్నిలో బతుకు పశువుల మీదే. బన్ని గేదె పేరు మీలో పాడి ఉన్నవాళ్ళు వినే ఉంటారు. అక్కడ హోడ్కా అనే ఊళ్ళో 'శామ్-ఎ-సర్హద్' అని ఒక బస ఉంది, సరిహద్దులో సాయంకాలం అని అర్థం. 2000 తర్వాత కేంద్ర పర్యాటక శాఖ, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ కలిసి పల్లెటూళ్ళలో పర్యాటకం పథకం పెట్టినప్పుడు మొదలైంది. ఊరివాళ్ళ కమిటీదే యాజమాన్యం, నడిపేదీ ఊరివాళ్ళే.

అక్కడి గదులు మట్టివి, గుండ్రటివి. భూంగా అంటారు. మన తీరం చుట్టిళ్ళకు చుట్టాలే అనుకోండి. మన చుట్టిల్లు తుపాను గాలికి ఎలా నిలబడుతుందో, ఆ భూంగాల్లో చాలా వాటికి 2001 జనవరి 26 భూకంపంలో పెద్ద దెబ్బ తగల్లేదు. పక్కన సిమెంటు మేడలు కూలాయి. ఆ మట్టి గోడల మీద అద్దాల ముక్కలు పొదిగి ముగ్గులు తీర్చేది ఆడవాళ్ళు. వాళ్ళ కుట్టుపని వచ్చినవాళ్ళు కొనుక్కుపోతారు. తిండి కూడా ఆ ఊరి తిండే, సజ్జ రొట్టె, మజ్జిగ పులుసు. మన చోడంబలి పట్నం వాళ్ళకు పెట్టడానికి మనం ఎందుకు సిగ్గుపడతామో నాకు అర్థం కాదు.

ముఖ్యమైన సంగతి, చలికాలం అయ్యాక అది మూసేస్తారు. ఎండాకాలం అక్కడ ఎవరూ రారు, వచ్చినా ఉండలేరు. ఆ నెలల్లో వాళ్ళు తమ పశువుల దగ్గరే ఉంటారు. అంటే ఆ బస వాళ్ళకు పక్క ఆదాయం. దాన్ని నమ్ముకుని పశువుల్ని అమ్ముకోలేదు. ముప్పయ్యేళ్ళు గరువు రాసిచ్చి వాచ్‌మన్ ఉద్యోగం తీసుకునేవాడికీ, వీళ్ళకూ ఉన్న తేడా అదే.

ఆ పక్కనే ధోర్డో అనే ఊరి దగ్గర చలికాలంలో రణ్ ఉత్సవం జరుగుతుంది. ప్రైవేటు కంపెనీ వందల గుడారాలు వేస్తుంది. అక్కడ కూడా చుట్టుపక్కల వాళ్ళకు కూలి దొరుకుతుంది, కుట్టుబట్టలు అమ్ముడవుతాయి, కాదనను. ఎడారి ఒకటే, వెన్నెల ఒకటే. ఒకచోట లెక్కల పుస్తకం ఊరి చేతిలో ఉంది, రెండోచోట కంపెనీ చేతిలో.

ఇప్పుడు నీళ్ళు. బన్నిలో లోతుకి తవ్వితే ఉప్పు నీరు. వానలో మనకు పడేదాంట్లో మూడో వంతు కూడా కష్టమే. అయినా వాళ్ళ పెద్దలు ఒక ఉపాయం కనిపెట్టారు. వాన నీరు నిలిచే పల్లాల్లో, నీరు ఇంకిపోయాక, లోతు తక్కువ గుంటలు తవ్వుతారు. విర్దా అంటారు. మన నాగావళి ఇసుకలో తీసే చెలమే అది. వాన నీరు తేలిక కాబట్టి ఉప్పు నీటి పైన పొరలా నిలుస్తుంది. పై పొర మాత్రమే, కొంచెం కొంచెంగా తోడుకోవాలి. ఆశపడి లోతుకి పోయినా, ఒకేసారి ఎక్కువ లాగినా కింది ఉప్పు పైకొచ్చి అందరి నీళ్ళూ పోతాయి. ఆ సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు కాబట్టే ఆ నీరు ఇన్ని తరాలు నిలిచింది.

మన గరువు దగ్గరికి రండి. జలజీవన్ మిషన్ లెక్కలో పల్లెటూరి మనిషికి రోజుకు 55 లీటర్లు. హోటలు కట్టేటప్పుడు ఇంజనీర్లు పట్టుకునే ప్రమాణం పడకకు 180 లీటర్లు. ఆరు గదుల్లో పన్నెండు మంది ఉంటే రోజుకు 2,160 లీటర్లు. ఇది భరించొచ్చు. మన వాన ఏడాదికి 1,100 మిల్లీమీటర్ల దరిదాపు. వంద చదరపు మీటర్ల కప్పు మీద పడిన నీటిని తొట్టెల్లోకి మళ్ళిస్తే, వృథా పోగా 85 వేల లీటర్ల పైనే వస్తుంది. అంటే దాదాపు నలభై రోజుల నీళ్ళు. కానీ వచ్చేవాళ్ళు ముందుగా అడిగేది ఈత కొలను. పది మీటర్లు పొడవు, అయిదు వెడల్పు, ఒకటింపావు మీటరు లోతు అనుకోండి, 60 వేల లీటర్ల పైమాటే. వెయ్యి మందికి ఒక రోజు నీళ్ళు. అది కప్పు మీంచి రాదు, బోరు నుంచి వస్తుంది. ఆ బోరు దించాక నీ పక్కవాడి బావి, నీ తమ్ముడి జీడిచెట్లు ఏమవుతాయో లీజు కాగితంలో రాయరు. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం మంచినీటి బోరుకు 250 మీటర్ల లోపు కొత్త బోరు వెయ్యాలంటే అనుమతి ఉండాలి. పంచాయతీలో అడగండి, గ్రామసభలో అడగండి.

కరెంటు లేకపోయినా పర్వాలేదన్నారు కదా, ఆ లెక్కా చూద్దాం. గదికి తక్కువ కరెంటు తినే ఫ్యాను, 30 వాట్లది, పన్నెండు గంటలు. రెండు ఎల్ఈడీ బల్బులు, ఫోన్ల ఛార్జింగు. అర యూనిట్‌తో అయిపోతుంది. ఆరు గదులకు 3 యూనిట్లు. వంటింట్లో ఫ్రిజ్, దీపాలు, ఒక హెచ్‌పీ మోటారు గంటన్నర, అవి ఇంకో 3. మొత్తం రోజుకు 6 యూనిట్లు. మంచి ఎండలో ఒక కిలోవాట్ సోలారు పలకలు రోజుకు 4 యూనిట్ల దాకా ఇస్తాయి కాబట్టి 2 కిలోవాట్లు వేసుకుంటే చాలు. రాత్రికి బ్యాటరీలు కావాలి. 12 వోల్టులు, 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఒక్కోటి కాగితం మీద 1.8 యూనిట్లు, కానీ సగానికి మించి తోడితే తొందరగా చచ్చిపోతుంది. ట్రాక్టరు బ్యాటరీతో మనకు అది అనుభవమే. నాలుగు బ్యాటరీలుంటే రాత్రికి మూడున్నర యూనిట్లు వాడుకోవచ్చు, నాలుగైదేళ్ళకు మార్చుకోవాలి. ఆ డబ్బు ముందే పక్కన పెట్టుకోవాలి. శ్రావణ భాద్రపదాల్లో ముసురు పట్టిన రోజుల్లో గదులు ఇవ్వకపోవడమే మేలు.

ఇందులోకి ఏసీ ఒకటి తెచ్చి పెట్టండి. టన్నున్నర ఏసీ రాత్రి ఎనిమిది గంటలు నడిస్తే 8 యూనిట్ల దాకా తినేస్తుంది. ఒక్క గది ఏసీ మిగతా బసంతటికన్నా ఎక్కువ! అప్పుడు డీజిల్ జనరేటరు వస్తుంది, దాని మోత వస్తుంది. బోర్డు మీద మాత్రం ప్రకృతి ఒడిలో అని రాసుకుంటారు.

మనమే పెట్టుకుంటే? వద్దని సంఘం అనడం లేదు. కేంద్ర పర్యాటక శాఖ గృహబస పథకంలో ఒక ఇంట్లో ఆరు గదుల వరకు, అంటే పన్నెండు పడకల వరకు నమోదు చేసుకోవచ్చు. యజమాని కుటుంబం అక్కడే ఉండాలి. విదేశీయులు దిగితే 24 గంటల్లో ఫారం-సి పంపాలి. తిండి పెడితే ఆహార భద్రత రిజిస్ట్రేషన్ కావాలి. కాగితాల పని ఇంతే, భయపడక్కర్లేదు. అసలు కష్టం మనుషుల దగ్గర. జనం వచ్చేది చలి నెలల్లో. మనకు అవే వరికోతలు, నూర్పుల నెలలు. కూలీలు దొరకని రోజుల్లో ఇంట్లో ఆడవాళ్ళు తెల్లారుజామున కళ్ళానికి పోవాలా, పన్నెండు మందికి కాఫీ కాయాలా? సంక్రాంతికి మన ఇంటికి మన అల్లుళ్ళే వస్తారు. ఒక్క కుటుంబం వల్ల ఇది కాదు. అయిదారు కుటుంబాలు, డ్వాక్రా సంఘం కలిసి వంతులు వేసుకుంటే నడుస్తుంది. పని చేసిన ఆడమనిషికి రోజు కూలి పుస్తకంలో పడాలి. ఇంటి పనిలో కలిపేసి ఎగ్గొడితే హోడ్కా పేరెత్తే హక్కు మనకు లేదు.

ఇక ఆ ముప్పయ్యేళ్ళ లీజు. ఎకరాకు ఏడాదికి ముప్పై వేలు అని ఒక ఊళ్ళో బేరం పెట్టారు. వినడానికి బాగానే ఉంది, జీడి పూత మాడిపోయిన ఏడాది మరీ బాగుంటుంది. 2006లో ఉపాధి హామీ మొదలైనప్పుడు మన రాష్ట్రంలో కూలి రోజుకు 80 రూపాయలు. 2024-25లో 300. పద్దెనిమిదేళ్ళలో దాదాపు నాలుగు రెట్లు. కాగితంలో పెంపుదల రాయకపోతే, మన పిల్లలు ఆ ముప్పై వేలు అందుకునే నాటికి దాని విలువ ఎంతో మీరే వెయ్యండి. ఏడాది దాటిన ఏ లీజైనా రిజిస్టరు చెయ్యాలని చట్టం. రిజిస్టరు చెయ్యని తెల్లకాగితం మీద సంతకం అడిగేవాణ్ణి అక్కడే ఆపండి. మన భూమి మీద బ్యాంకులో అప్పు తెచ్చుకునే అధికారం, ఇంకొకడికి తిరగ లీజుకిచ్చే అధికారం ఏ వాక్యంలో దాక్కున్నాయో చదివించుకోండి. గడువు తీరాక ఆ కాంక్రీటు ఎవడు పీకాలి?

పార్వతీపురం మన్యం, అల్లూరి జిల్లాల్లో మనకు చుట్టాలు, స్నేహితులు ఉన్నారు. అక్కడి షెడ్యూల్డు ప్రాంతంలో 1/70 చట్టం ఉంది. గిరిజనేతరులకు అమ్మకమే కాదు, లీజు కూడా చెల్లదు, బినామీ కూడా చెల్లదు. 1997 సమత తీర్పులో సుప్రీంకోర్టు, ప్రభుత్వం కూడా అక్కడి భూముల్ని గిరిజనేతర ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వకూడదంది. లంబసింగి, వంజంగి మంచు చూడ్డానికి జనం ఎగబడుతున్న ఈ రోజుల్లో, గిరిజనుడి పేరు మీద మన మైదానం వాళ్ళ డబ్బుతో గుడారాలు లేస్తే అది ఎవరి లాడ్జీ? మనలో ఎవరైనా ఆ పని చేస్తుంటే సంఘం వాళ్ళ పక్కన నిలబడదు, ఇప్పుడే చెబుతున్నా.

లీజు అంటే ఏమిటో మన ప్రాంతానికి ఒకరు నేర్పక్కర్లేదు. దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైందే మన దగ్గర, కోడూరులో, 1892లో. తర్వాత గర్భాం. ఖనిజం రైలెక్కి పోయింది, గుంతలు ఇక్కడే ఉన్నాయి. గరువు కుటీరాలు గుంతలు తవ్వవు, నిజమే. బోర్లు తవ్వుతాయి.

మీలో నలుగురైదుగురి దగ్గరికి ఇప్పటికే కాగితాలు వచ్చాయని నాకు తెలుసు, పేర్లు చెప్పను. సంతకం పెట్టకముందు ఆ కాగితం నకలు, మీ ఒన్ బీ, పాసు పుస్తకం పట్టుకుని సంఘం ఆఫీసుకు రండి. సొంతంగా బస పెట్టుకోవాలనుకునే కుటుంబాలు కూడా రండి, అయిదారుగురు కలిస్తే పైన చెప్పిన సోలారు లెక్క, నీళ్ళ లెక్క మీ స్థలానికి సరిపడేలా కూర్చుని వేద్దాం. మంగళవారం సంత అయ్యాక సాయంత్రం నేను ఆఫీసులోనే ఉంటాను.