మర్యం విన్న మొదటి మాట



 

దివ్య ఖుర్ఆన్‌లోని పందొమ్మిదవ సూరా హజ్రత్ మర్యం (అలైహస్సలాం) పేర ఉంది. పురిటి నొప్పులు ఆమెను ఒక ఖర్జూరపు మ్రాను చెంతకు చేర్చాయి. పక్కన ఎవరూ లేరు. రేపు జనం ఏమంటారోనన్న భీతి. ఆ వేదనలో ఆమె, ఇంతకుముందే మరణించి ఉంటే బాగుండేదని వాపోయారు. సోదరులారా, ఆ మాటకు ప్రభువు నుండి మందలింపు రాలేదు. ముందుగా వచ్చింది దుఃఖించవద్దన్న ఓదార్పు. ఆ పిమ్మట దిగువన సెలయేరు, రాలిపడే పండ్లు. జనానికి జవాబు చెప్పుకునే భారాన్ని సైతం ఆ దినం అల్లాహ్ ఆమెపై నుండి తొలగించాడు.

ఈ ఆయతులను మేము ఎన్నోసార్లు బోధించాము. అయినా కొన్నేళ్ళ క్రితం ఒక యువకుడు తన భార్యకు దమ్ చేయించడానికి వచ్చినప్పుడు అవి మాకు జ్ఞాపకం రాలేదు. కాన్పయి చిల్లా కూడా గడిచింది. బిడ్డ ఏడ్చినా ఎత్తుకోదు, నిద్రలో ఉలిక్కిపడి లేస్తుంది, ఆస్పత్రి మాటెత్తితే వణుకుతుంది. జిన్ను పట్టిందని అత్తింటివారి అనుమానం. మేము నీటిపై చదివి ఊది ఇచ్చి, సబర్ చేయమని చెప్పి పంపివేశాము. తరువాత మా సహధర్మచారిణి వెళ్ళి ఆమె చెంత కూర్చున్నారు. నొప్పులకు కేక వేసినందుకు తొడపై కొట్టారట. ఈ మింబర్‌పై పలుకరాని మాటలన్నారట. ఇల్లు చేరితే, రెండోసారీ ఆడపిల్లేనా అన్న నిట్టూర్పు! భర్త ఏమీ అడగలేదు. మేమూ అడగలేదు. (ఆ సోదరి అనుమతితోనే ఇది చెబుతున్నాము.)

గర్భిణిగానో, ప్రసవ వేళనో అవమానం పొందిన స్త్రీకి ఆ గాయం దేహం మానిన తరువాత కూడా మిగిలిపోవచ్చు. పీడకలలు, ఏదో ఒక మాటతో ఆ గదే మళ్ళీ కళ్ళముందు నిలవడం, బిడ్డపై మనసు నిలవకపోవడం, మరో కాన్పంటే హడలు. వైద్యులు గుర్తించిన వ్యాధి ఇది. దీనిని ఈమాన్ బలహీనత అనడం అన్యాయం. ప్రసవశాలల్లో ఇటువంటి అగౌరవాన్ని నివారించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే ప్రకటన చేసింది. ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాన్పు వేళ ఒక స్త్రీ తోడుండడానికి మన కేంద్ర ప్రభుత్వం 2016లో అనుమతించింది. వినయంగా, కానీ గట్టిగా అడగండి. నర్సులందరూ కఠినులు కారు. రాత్రంతా నిలబడి మన బిడ్డలను అందుకునేదీ వారే.

అయితే వారికంటే ముందు మన ఇంటి సంగతి చూసుకుందాం. తలాఖ్ పొందిన గర్భిణికి సైతం ప్రసవం వరకు పోషణ విధి అని ఖుర్ఆన్ శాసించింది. మరి నీ ఇంట ఉన్న ఇల్లాలిని ఆ తొమ్మిది నెలలూ దెప్పిపొడవడం ఏ షరీఅత్? దైవప్రవక్త (స) నమాజ్‌ను దీర్ఘం చేయదలచి నిలబడి కూడా, పసిబిడ్డ ఏడుపు వినిపిస్తే, తల్లి మనసు తల్లడిల్లుతుందని కుదించేవారు. ఆ తల్లి హృదయం కోసం నమాజే కురచయింది!

ఆ ఇంటికి మేము వెళ్ళి క్షమాపణ కోరాము. ఆమె ఇప్పుడు వైద్యం పొందుతున్నారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 14416. తెలుగులోనూ మాట్లాడవచ్చు, రుసుము లేదు. బాలింతకు దమ్ చేయించడానికి వచ్చేవారు మా వద్దకు ఇకపైనా రావచ్చు. కానీ నీళ్ళ సీసా తీసుకునే ముందు మేము ఒకటి అడుగుతాము: కాన్పునాడు ఏం జరిగిందో ఆమెను అడిగావా?