రాత్రి ఏడు దాటాక

ఇవాళ అమలాపురంలో పట్టా అందుకుంటున్న అమ్మాయిలకు, అబ్బాయిలకు, వెనక వరసల్లో కళ్లు తుడుచుకుంటున్న అమ్మానాన్నలకు నా అభినందనలు.

మన కొబ్బరికి తెల్లదోమ పట్టిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. ఆకు తిరగేస్తే అడుగున సున్నంతో ముగ్గేసినట్టు తెల్లటి చుట్లు. కింది మట్టల మీద మసి పూసినట్టు నల్లబూజు. పుట్టినప్పటినుంచీ తోటలోనే ఉన్న రైతుక్కూడా అది కొత్తే. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం శాస్త్రవేత్తలు పురుగుమందులు కొట్టొద్దన్నారు. కొడితే దోమను తినే మిత్రపురుగులూ పోతాయన్నారు. ఐసేరియా అనే శిలీంధ్రాన్ని నీళ్లలో కలిపి ఆకు అడుగుభాగం తడిసేలా పిచికారీ చేయమన్నారు. పురుగును చంపే బూజు ఒకటుంటుందని డెబ్బై ఏళ్ల వయసులో తెలుసుకున్న ఒక పెద్దాయన, ఆ సాయంత్రమే పక్క తోటవాళ్లను పిలిచి ఆకు తిరగేసి చూపించాడు. చదువంటే నాకు ఆయనే గుర్తొస్తాడు.

ఇలాంటి చదువుకు ఊరు చోటివ్వాలి. 2022లో యునెస్కో తన అభ్యసన నగరాల జాబితాలో వరంగల్‌ను చేర్చుకుంది. కేరళ నుంచి త్రిస్సూర్, నీలంబూర్ చేరాయి. నీలంబూర్ చిన్న మునిసిపాలిటీయే, అమలాపురం దానికేం తీసిపోదు. పైగా మనకిది కొత్త కాదు. 1935లోనే పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడిలో పలక పట్టిన ఆడవాళ్లు, పాఠంలో తమ ఇంటి కష్టమే కనపడేసరికి లేచి వెళ్లి సారా కొట్టు మూయించారు. అది ఊరూరా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అక్షరం ఒక్కరింట్లో ఆగదు.

ఒక బాధ కూడా చెప్పుకోవాలి. 2022 మేలో జిల్లా పేరు మార్పు మీద గొడవ రేగి ఈ ఊళ్లో ఇళ్లు తగలబడ్డాయి. తలచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. ‘గుడిసెలు కాలిపోతున్నాయ్’ రాసిన బోయి భీమన్నగారు పుట్టిన మామిడికుదురు ఇక్కడికి ఎంత దూరం? పేట పిల్లలూ అగ్రహారం పిల్లలూ ఒకే బల్ల మీద కూర్చునేది బడిలో, కాలేజీలో. అది దాటాక ఎవరి వీధి వాళ్లదే. ఆ బల్ల మనకు మళ్లీ కావాలి. దానికి చోటు ఊరి గ్రంథాలయమే.

ఇంటిపన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. 1960 నాటి చట్టం పెట్టిన ఏర్పాటది. కాబట్టి ఆ గ్రంథాలయం మనదే. కానీ పీచు పనికి వెళ్లొచ్చిన అమ్మకు, ఆటో తోలి వచ్చిన తమ్ముడికి తీరికయ్యేది రాత్రి ఏడు దాటాకే. అప్పటికి దాని తలుపు మూసి ఉంటుంది.

రాజోలు, కొత్తపేట, అమలాపురం, ఏ ఊరివాళ్లు ఆ ఊరి లైబ్రేరియన్‌ను కలవండి. మరో రెండు గంటలు తలుపు తీసి ఉంచండి, మేం వచ్చి కూర్చుంటామని అడగండి. వారానికి ఒక్క సాయంత్రం చాలు. ఒకరు బ్యాంకు కాగితాలు చదివిపెట్టండి, ఒకరు పిల్లలకు లెక్కలు చెప్పండి, ఇంకొకరు ఆ పెద్దాయన్ను పిలిచి ఆయన చెప్పేది వినండి. హైదరాబాద్ వెళ్లేవాళ్లు సంక్రాంతికి ఊరొచ్చినప్పుడు ప్రభల తీర్థం చూసుకుని లైబ్రరీకి రండి. బుధవారాలు అమలాపురం లైబ్రరీలో నేనుంటాను.