నొప్పి తెలియని కన్ను

కన్ను ఎర్రబడితే మన పల్లెలలో మొదట వినిపించే మాట కళ్లకలక. తరచు అది నిజమే. కొద్ది రోజులలో తగ్గిపోతుంది కూడా. కాని శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలలో ఎర్రకన్నుకు మరొక కారణం చిరకాలంగా ఉన్నది. అది కుష్ఠువ్యాధి. ఒకప్పుడు ఇక్కడ ఈ వ్యాధి విస్తారంగా ఉండేది. సాలూరులో ఫిలడెల్ఫియా కుష్ఠు ఆసుపత్రి వెలసినది ఈ రోగుల కొరకే.

1873లో నార్వే వైద్యుడు హాన్సెన్ కనుగొన్న ఈ క్రిమి దేహంలో చల్లని చోట్లను కోరుకుంటుంది. చెవితమ్మెల వలె, ముక్కు వలె కంటి ముందుభాగమూ అటువంటి చోటే. అందుచేత అక్కడ శోథ కలుగుతుంది. అది రెండు రీతులు. దేహం క్రిములపై తిరగబడి వ్యాధి ఉద్రేకించినప్పుడు కన్ను హఠాత్తుగా ఎర్రబడుతుంది, నొప్పి పెడుతుంది, వెలుతురును ఓర్వలేదు. రెండవది చాపకింద నీరు వంటిది. ఎరుపూ నొప్పీ అంతగా ఉండవు. ఏండ్ల తరబడి కంటిపాప కుంచించుకొనిపోయి చూపు సన్నగిల్లుతుంది.

దీనికి తోడు నరాల దెబ్బ. ముఖనరం చచ్చుబడితే రెప్ప మూతపడదు. నల్లగుడ్డు స్పర్శ కోల్పోతే కళ్లంలో ఊక పడినా తెలియదు. పుండు పడి, చివరకు పువ్వు వేస్తుంది. నొప్పి, రెప్పపాటు కంటికి కావలివారు. వ్యాధి ఆ ఇద్దరినీ తొలగిస్తుంది. కనుక ఈ రోగి “నొప్పి లేదు” అంటే అది ధైర్యవచనం కాదు, హెచ్చరిక.

1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు సూచించిన బహుళ ఔషధ చికిత్స వలన నేడు ఆరు లేక పన్నెండు నెలలలో వ్యాధి నయమవుతున్నది. ప్రభుత్వ ఆసుపత్రులలో మందులు ఉచితం. 2005 డిసెంబరు నాటికి దేశంలో రోగుల సంఖ్య పదివేలకు ఒకరికంటె తక్కువకు దిగింది. కాని నయమైనవారి కన్నులు ఆ లెక్కలోనివి కావు. క్రిమి చచ్చినా, చచ్చిన నరం సులభంగా తిరిగి రాదు. చికిత్స ముగిసిన పిదప కూడా ఉద్రేకం రావచ్చు.

కన్ను ఎర్రబడినా, చూపు మసకబారినా ఆనాడే వైద్యునికి చూపవలె. కంటిపాపను విప్పే చుక్కలు, శోథను అణచే చుక్కలు ఆయన నిర్ణయించవలె. ఆకుపసరులు పోయరాదు. రెప్ప చచ్చుబడిన తొలి ఆరు నెలలలోపున చికిత్స మొదలైతే బలం తిరిగి రావడానికి అవకాశం ఎక్కువ.

పూర్వం మనవారు ఈ రోగుల ముఖం చూడడానికే జంకేవారు. నేడు ఇంటివారు రోజుకొకసారి ఆ ముఖంలోకి తేరిపార చూస్తే చాలు, ఒక కన్ను నిలుస్తుంది.