తారల ఒప్పందాలు, మన బాండ్లు
(మైలవరం మహిళా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



యుద్ధకాలపు సినిమాల్లో స్త్రీల గురించి మాట్లాడమన్నారు. సాధారణంగా మనం పాత్రల గురించి మాట్లాడుకుంటాం. నేను మాత్రం పాత్ర వేసిన స్త్రీ గురించి, ఆమె సంతకం పెట్టిన కాగితం గురించి మాట్లాడదలచుకున్నాను.

మైలవరం నాటక సమాజం పేరు మీ పెద్దవాళ్ల నోట వినే ఉంటారు. ఆ కాలపు నాటకాల్లో ఆడవేషాలు చాలావరకు మగవాళ్లే వేసేవాళ్లు. సినిమా వచ్చాక నటన స్త్రీలకు జీతం వచ్చే పని అయింది. పనితోపాటు ఒప్పంద పత్రమూ వచ్చింది.

కాంచనమాల 1938లో 'మాలపిల్ల', 'గృహలక్ష్మి' చిత్రాలతో ఇంటింటా తెలిసిన నటి. 1942లో జెమినీ వారి 'బాలనాగమ్మ'లో నటించింది. తమ అనుమతి లేకుండా బయటి చిత్రాల్లో నటించరాదన్న షరతు ఆమె ఒప్పందంలో ఉందనీ, సంస్థ అధిపతి వాసన్‌తో తగాదా వచ్చాక ఆ షరతే ఆమె కాళ్లకు సంకెల అయిందనీ సినిమా చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. అసలే యుద్ధకాలం. 1942 ఏప్రిల్‌లో విశాఖ, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. మద్రాసు సగం ఖాళీ అయింది. ముడి ఫిల్ము మీద ఆంక్షలు వచ్చాయి. తెలుగులో ఏడాదికి వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని చిత్రాలే తయారయ్యేవి. అటువంటప్పుడు ఒక తలుపు మూసుకుంటే ఇంకో తలుపు ఎక్కడుంటుంది? ఆ తర్వాత ఆమె 1963లో 'నర్తనశాల'లో చిన్న వేషంలో కనిపించింది, అంతే. "పాపం, మతి చలించిందట" అని జాలిపడ్డవాళ్లే గానీ, ఆ కాగితంలో ఏముందని అడిగినవాళ్లు తక్కువ.

1943లో అమెరికా సినిమా ఏం చేస్తోంది? ఫ్యాక్టరీల్లో పనిచేసే స్త్రీలను తెర మీద మెచ్చుకుంటోంది. అదే ఏడాది ఆగస్టులో ఒలీవియా డి హావిలాండ్ అనే నటి వార్నర్ బ్రదర్స్ కంపెనీ మీద కోర్టుకెక్కింది. నచ్చని వేషం వద్దంటే కంపెనీ జీతం ఆపి సస్పెండ్ చేసేది. ఆ రోజుల్ని ఏడేళ్ల ఒప్పందానికి చివర కలిపేది. ఏడేళ్లూ గడిచాక, ఇంకా ఆరు నెలలు బాకీ ఉన్నావంది. ఎవరినీ ఏడేళ్లకు మించి ఒప్పందంతో కట్టిపడెయ్యరాదని కాలిఫోర్నియా చట్టం. ఏడేళ్లంటే క్యాలెండరు ఏడేళ్లేనని 1944 డిసెంబరులో అప్పీలు కోర్టు తేల్చింది. ఈలోగా ఆమెకు పని ఇవ్వొద్దని కంపెనీ మిగతా స్టూడియోలకు లేఖలు రాసింది. అయినా ఆమె నిలబడింది.

ఇందులో తేడా ధైర్యానిది మాత్రమే కాదు. అక్కడ చట్టంలో ఒక స్పష్టమైన వాక్యం ఉంది, లాయరుకు ఇవ్వడానికి డబ్బుంది, 1933 నుంచే నటుల సంఘం ఉంది. కాంచనమాల వెనక అటువంటి సంఘమేదీ మనకు కనిపించదు.

మన చట్టం ఏమంటోంది? మనిషిని తన వృత్తి చేసుకోకుండా ఆపే ఒప్పందం చెల్లదని 1872 కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను చెబుతుంది. కానీ ఉద్యోగంలో ఉన్నంతకాలం వేరేచోట పనిచెయ్యరాదన్న షరతును కోర్టులు ఒప్పుకుంటూ వచ్చాయి. 1877 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టంలో ఒక గాయకురాలి వంటి ఉదాహరణ ఉంది: థియేటరులో పాడతానని ఒప్పుకున్న మనిషిని పాడమని బలవంతపెట్టలేరు, ఇంకోచోట పాడకుండా మాత్రం ఆపగలరు. 1963 చట్టంలో ఆ ఉదాహరణ లేకపోయినా, ఆ సూత్రం ఉంది. నోటిని తెరిపించలేరట గానీ, నోటికాడ కూడు ఆపగలరట!

ఇది తారల గొడవేననుకోకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు యాజమాన్యం బీరువాలో పెట్టి పాఠాలు చెప్పే టీచర్లు మన చుట్టుపక్కలే ఉన్నారు. బాండు రాసిచ్చిన నర్సులున్నారు. తమిళనాడు నూలుమిల్లుల్లో 'సుమంగళి' పథకం పేరుతో, మూడేళ్లు పనిచేస్తే కట్నానికి డబ్బిస్తామని ఆడపిల్లల్ని హాస్టళ్లలో ఉంచి పనిచేయించారు.

కాబట్టి సంతకం పెట్టేముందు చదవండి, చదివించుకోండి. నకలు అడగండి. గడువు తేదీ రాయించండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వకండి. ఇవ్వక తప్పకపోతే రసీదు తీసుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, ఒక్కరే వెళ్లి అడగకండి, పదిమంది కలిసి వెళ్లండి. ఒంటరిగా అడిగితే అది తగాదా అంటారు, కలిసి అడిగితే హక్కు అని ఒప్పుకోక తప్పదు.