కొత్త కవిలెకట్ట

గోదావరి డెల్టాలో రైతునకు నీరెంత ముఖ్యమో, లెక్క అంత ముఖ్యము. చేను ఏ కాలువ క్రింద నున్నది, విస్తీర్ణమెంత, పట్టా ఎవరిది, సాగు ఎవరిది అను నాలుగు ప్రశ్నలకు సరియైన సమాధానము లేనిచో అప్పు పుట్టదు, నష్టపరిహారము రాదు, బిడ్డలకు పంపకము సాగదు. పూర్వము ఈ సమాధానములన్నియు కరణముగారి కవిలెకట్టలో నుండెడివి. ఏ కట్టలో ఏ కాగితమున్నదో ఆయనకే ఎరుక. కరణము ధర్మాత్ముడైనచో ఊరికి మేలు. కానిచో ఒక్క కలపుపోటు తరముల తరబడి వ్యాజ్యమై నిలిచెడిది.

1984 జనవరిలో ప్రభుత్వము కరణము, మునసబు మొదలైన గ్రామోద్యోగములను రద్దు చేసెను. 1998 నవంబరులో 'కార్డ్' అను పథకముతో ఆంధ్రప్రదేశ్ రిజిస్ట్రేషను కార్యాలయములలోనికి కంప్యూటర్లు వచ్చెను. 2015 నుండి 'మీ భూమి' ద్వారా అడంగలును, 1-బి నకలును ఇంటి నుండియే చూచుకొనుటకు వీలు కలిగినది. కవిలెకట్ట కరణముగారి ఇల్లు విడిచి యంత్రములోనికి చేరినది. యంత్రములో చేరినంతమాత్రమున లెక్క నిజమగునా? కాదు. పుస్తకమును కట్టిన తీరును బట్టియే దాని మంచి చెడ్డలుండును. ఈ కొత్త కవిలెను ఎట్లు కట్టుదురో, ఎట్లు కాపాడుదురో, అది ఎవరి సొత్తుగా నుండుట మేలో శ్రోతలకు విన్నవింపదలచినాము. ఏ కార్యాలయములో ఏ యంత్రసామగ్రి వాడుచున్నారన్నది మా ప్రసంగవిషయము కాదు. అందరెరిగినది కనుక భూమి లెక్కను ఉదాహరణగా తీసికొనుచున్నాము.

ఆంగ్లదేశమున పుట్టి, అమెరికాలో ఐ.బి.ఎం. సంస్థయందు పనిచేయుచుండిన ఎడ్గార్ కాడ్ అను పండితుడు 1970లో ఒక వ్యాసము ప్రకటించెను. అంతకుముందు కంప్యూటరు నుండి సమాచారము రాబట్టవలెనన్నచో, అది ఏ మూల, ఏ దారిన ఉన్నదో ప్రోగ్రాము వ్రాయువానికి తెలిసి యుండవలెను. అనగా యంత్రములోపల కూడ ఒక కరణము కూర్చుండి యుండెనన్నమాట! కాడ్ ఈ పద్ధతిని మార్చెను. సమాచారమునంతయు పట్టికలలో వ్రాయుడు. మీకు కావలసినదేదో అడుగుడు. వెదకు దారిని యంత్రమునకే విడువుడు అని ఆయన సిద్ధాంతము. ఇట్టి పట్టికలను గణితభాషలో సంబంధములందురు. 'రిలేషనల్ డేటాబేసు' అను పేరు అందుండి వచ్చినదే. దానిని ప్రశ్నించు భాషను ఎస్.క్యూ.ఎల్. అని పిలుచుచున్నారు.

ఈ పద్ధతిలో మొదటి సూత్రము: ఒక సంగతిని ఒక్క చోటనే వ్రాయవలెను. దీనికి మన జిల్లాలే సాక్ష్యము. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినది. అంతవరకు పశ్చిమ గోదావరిలో నుండిన కొవ్వూరు, నిడదవోలు ఆనాటినుండి రాజమహేంద్రవరము ముఖ్యపట్టణముగాగల తూర్పు గోదావరిలో చేరినవి. భీమవరము పశ్చిమ గోదావరికి ముఖ్యపట్టణమైనది. ఏలూరు, కాకినాడ, కోనసీమ వేరు జిల్లాలైనవి. ప్రతి రైతు పేరు ప్రక్కన జిల్లా పేరును విడివిడిగా వ్రాసిన పుస్తకమైనచో, లక్షలాది వరుసలను దిద్దవలెను. వానిలో కొన్ని తప్పక మిగిలిపోవును. అట్లుగాక చేను గ్రామమును, గ్రామము మండలమును, మండలము జిల్లాను చూపునట్లు నాలుగు పట్టికలు కట్టినచో, మండలముల పట్టికలో ఒక్కొక్క వరుస దిద్దినంతనే క్రిందనున్న చేలన్నియు సరియైన జిల్లాకు చేరును. జిల్లాలు మరల మారినను రైతు వరుసను ముట్టనక్కరలేదు.

రెండవ సూత్రము ఇంతకంటె గట్టిది. కాగితపు పుస్తకము ఏది వ్రాసినను ఒప్పుకొనును. గ్రామమున లేని సర్వే నంబరు వ్రాసినను, మూడెకరముల చేనిలో నాలుగెకరములు పంచి వ్రాసినను అది మాటాడదు. చక్కగా కట్టిన డేటాబేసు మాటాడును; 'కుదరదు' అని చెప్పును. ఒక గ్రామములో ఒకే సర్వే నంబరు రెండుమారులు రాకూడదనియు, సర్వే పట్టికలో లేని చేనికి పట్టా వ్రాయరాదనియు, వాటాల మొత్తము విస్తీర్ణమును మించరాదనియు నియమములను పుస్తకములోనే పొదిగి పెట్టవచ్చును. గుమాస్తా తొందరలో నున్నను, అధికారి ఒత్తిడి చేసినను ఆ నియమము తప్పును లోనికి రానీయదు. అయితే నియమమును మనుష్యుడే వ్రాయవలెను. వ్రాయని నియమమును ఏ యంత్రమును పాటించదు. వ్రాసిన నియమము సైతము చేను వద్దకు వచ్చి కొలిచి చూడజాలదు. పొందికలేని మాటను అది పట్టగలదు గాని పొందికగా వ్రాసిన అబద్ధమును పట్టలేదు.

మూడవది, గడుల విషయము. డెల్టాలో పట్టా ఒకరిది, నాగలి మరియొకరిది అగుట సర్వసామాన్యము. పట్టాదారు రాజమహేంద్రవరములోనో, హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉండును. బురదలో దిగువాడు కౌలుదారు. 2011లోను, 2019లోను సాగుదారుల హక్కులను గూర్చి చట్టములు వచ్చినవి. పుస్తకము కట్టువాడు 'రైతు' అని ఒక్క గడి మాత్రమే గీసినచో, ఆ గడిలో ఒక్క పేరే పట్టును. తుపాను పరిహారము ఆ పేరునకే చేరును. భూమికి యజమానితో ఒక సంబంధము, సాగుదారుతో వేరొక సంబంధము. సాగుదారు సంబంధమునకు ఆరంభకాలము, ముగింపుకాలము కలవు. ఇవి రెండు పట్టికలుగా నుండవలెను. గడి లేని మనిషి కార్యాలయమునకు కనబడడు. పట్టికలు గీయుట కేవలము లేఖకుని పనియని తలచువారు ఈ ఒక్క సంగతిని ఆలోచింపవలెను.

ఇక లావాదేవీ. అమ్మినవాని ఖాతాలో ఎకరము తగ్గవలెను, కొన్నవాని ఖాతాలో ఎకరము పెరుగవలెను. మొదటిది వ్రాసి రెండవది వ్రాయకమునుపే కరెంటు పోయినచో ఆ ఎకరము ఎవరిది? డేటాబేసులో ఈ రెండింటిని ఒక్క ముడిగా వేయుదురు. జరిగినచో రెండును జరుగును, లేనిచో రెండును జరుగవు. దీని కిటుకు మన వర్తకులకు క్రొత్తది కాదు. వారు ముందు చిట్టాలో వ్రాసికొని, పిదప ఆవర్జాకెక్కించెదరు. డేటాబేసు కూడ ప్రతి మార్పును ముందుగా తన చిట్టాలో పదిలపరచి, తరువాత పట్టికలకెక్కించును. కరెంటు పోయి మరల వచ్చినప్పుడు చిట్టాను తిరుగవేసి, పూర్తియైన బేరములను నిలుపును, సగములో నిలిచినవానిని లెక్కకు రానీయదు. ఒకే చేనిని ఒకే క్షణమున ఇద్దరికి వ్రాయబోయినచో, నియమము సరిగానున్న పుస్తకములో ఒకరి వ్రాత నిలుచును. రెండవవానికి 'కుదరదు' అను సమాధానము వచ్చును.

ఇట్టి పుస్తకమును కట్టు సామగ్రి ఎవరిదన్నది తరువాతి ప్రశ్న. దానిని కంపెనీల నుండి కొనవచ్చును. ఉచితముగా, అందరు చదివి దిద్దుకొనుటకు వీలుగా నున్న సామగ్రియు కలదు. దానినే ఓపెన్ సోర్సు అందురు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయములో మైకేల్ స్టోన్‌బ్రేకర్ అను ఆచార్యుడు 1986లో ఆరంభించిన పరిశోధన, 1996లో పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ అను పేరు తాల్చి, అనేకదేశముల వారి ఉమ్మడి కృషితో నేటికిని పెరుగుచున్నది. 1995లో వెలువడిన మైఎస్‌క్యూఎల్ కథ మరియొక పాఠము. దానిని 2008లో సన్ కంపెనీ కొన్నది. 2010లో సన్‌ను ఒరాకిల్ కొన్నది. ఈ చేతుల మార్పునకు జంకి, దాని మొదటి రచయితలలో ఒకరైన మైకేల్ విడీనియస్ 2009లోనే ఆ మూలమునుండి మరియాడీబీ అను శాఖను వేరుచేసెను. మూలము బహిరంగముగా నుండుటచేతనే ఇది సాధ్యమైనది. యజమాని మారినను, వాడువారు వీధిన పడలేదు. 2015లో భారతప్రభుత్వము కూడ తన కార్యాలయములలో ఓపెన్ సోర్సునకు ప్రాధాన్యమీయవలెనను విధానమును ప్రకటించినది.

వాడువారు పెరిగినప్పుడు ఏమి చేయుదురు? ధవళేశ్వరము వద్ద నీటిని ఒకచోట నిలిపి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కాలువలుగా పంచినట్లే, ముఖ్యమైన పుస్తకమొకటి యుండగా, దాని చిట్టాను ఎప్పటికప్పుడు అందుకొను ప్రతులను వేరు యంత్రములలో నిలుపుదురు. నకలు చూచువారు ప్రతులను చూతురు. వ్రాయువారు ముఖ్యపుస్తకములోనే వ్రాయుదురు. కాలువ చివరి చేనికి నీరు కొంత ఆలస్యముగా చేరినట్లు, ప్రతికి వార్త ఒక్కింత ఆలస్యముగా చేరవచ్చును. కావున చేను అమ్మకమును ఖాయపరచు తుది పరీక్ష ముఖ్యపుస్తకము వద్దనే జరుగవలెను. అయితే క్రొత్త యంత్రములు కొనుటకు ముందే చేయదగిన పని ఒకటి కలదు. తరచు అడుగు ప్రశ్నలకు, నిఘంటువులోని అకారాది వరుసవంటి సూచికను కట్టుట. సూచిక లేనిచో, ఒక్క పేరు కొరకు యంత్రము పుస్తకమంతయు తిరుగవేయును.

ఉచితమనగా ఖర్చులేనిదని భ్రమపడరాదు. కాలువలో నీరు ఉచితముగా వచ్చినను వేసవిలో కట్టివేసి పూడిక తీయవలసినదే. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో వరుసను దిద్దినప్పుడు పాతవరుస వెంటనే పోదు; అడుగున పూడికవలె నిలుచును. దానిని తొలగించు పని యంత్రము తనంత తానే చేయునట్లు అమర్చవచ్చును గాని, ఆ అమరికను కనిపెట్టి యుండుటకు తెలిసిన మనిషి కావలెను. ఆ మనిషికి జీతమీయవలెను. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరము వద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు ప్రవహించినది. ఆ వరదను ఎరిగిన సీమలో, ఉన్న ఒక్క నకలును అదే గదిలో దాచుట వివేకము కాదు. నకలును మెట్టప్రాంతమునకో, వేరొక నగరమునకో పంపవలెను. నకలు తీయుట సగము పని. ఆ నకలునుండి పుస్తకమును తిరిగి నిలబెట్టి చూచుట తక్కిన సగము.

ఈ మాటలు పెద్ద కార్యాలయములకే గాక, గ్రామ సహకార సంఘమునకు, గ్రంథాలయమునకు, బియ్యపు మిల్లునకు, పాఠశాలకు సమానముగా వర్తించును. మీ సంఘములో ఎవరైన క్రొత్త కంప్యూటరు లెక్క పెట్టింతుమని వచ్చినప్పుడు, తెర ఎంత అందముగా నున్నదని చూచి ఊరకుండక, ఈ పుస్తకము ఏ తప్పును కాదనగలదని అడుగుడు. రేపు మీతో మాకు పొసగనిచో మా లెక్కనంతటిని మరియొకరు చదువగల రూపములో మా చేతికిత్తురా అని అడుగుడు. నకలునుండి పుస్తకమును తిరిగి నిలిపి చూచినది ఏనాడని అడుగుడు. ఈ ప్రశ్నలకు తడబడువాడు మీకు అమ్మజూపుచున్నది తాళము వేసిన కవిలెకట్ట; తాళపుచెవి మాత్రము ఆయన మొలనే యుండును. కరణముగారి ఇంటినుండి లెక్కను ఊరిలోనికి తెచ్చుకొనుటకు మన సీమకు ఎన్నియో తరములు పట్టినది. దానిని మరల ఒకరి ఇంట దాచిపెట్టుకొనరాదు.